కొబ్బరిపాలు విరగాలి: ఇంట్లో థాయ్ వంటకి నాలుగేళ్లు

నాలుగేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు నా సరంజామా అంతా కలిపి ఒక డబ్బా గ్రీన్ కర్రీ (పచ్చిమిరప ముద్ద, కొబ్బరిపాలతో చేసే థాయ్ కూర) పేస్టు, రెండు ప్యాకెట్ల కొబ్బరిపాలు, ఒక సీసా ఫిష్ సాస్. ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంట్లో వారానికి ఒకరోజైనా థాయ్ వంట ఉంటుంది. ఈలోపు కొన్నవాటిలో ఏవి వంటింట్లో నిలిచాయి, ఏవి చెత్తబుట్టలోకి వెళ్లాయి అన్నదే ఈ సమీక్ష.

ముందు కొబ్బరిపాల సంగతి. నా మొదటి ఏడాదంతా అక్కడే పోయింది మరి. "పాలు పోశాక మరగనివ్వకు, విరిగిపోతాయి" అని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. అందుకే పేస్టు నూనెలో వేయించి, చివర్లో పాలు పోసి, సన్న సెగ మీద రెండు నిమిషాలు ఉంచి దించేసేదాన్ని. చూడ్డానికి పచ్చగా బాగానే ఉండేది. నోట్లో పెట్టుకుంటే పచ్చి వాసన, సూప్ లాంటి పలచదనం. తీరా తెలిసిందేమిటంటే, ఈ కూర మొదలయ్యేదే పాలు విరగడంతో. చిక్కటి పాలు మూకుడులో పోసి బుడబుడమని మరిగిస్తే నీరు ఇగిరి, గడ్డగడ్డలుగా అయి, అంచుల వెంట నూనె తేలుతుంది. థాయ్ భాషలో దీన్ని తేక్ మన్ అంటారు. పేస్టు వేగాల్సింది ఆ నూనెలోనే.

ప్యాకెట్ పాలతో మాత్రం ఇరవై నిమిషాలు నిలబడ్డా చుక్క నూనె రాలేదు. ప్యాకెట్ తిప్పి చూస్తే విషయం అర్థమైంది. పాలలోని కొవ్వు, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచడానికి గ్వార్ గమ్, ఎమల్సిఫయర్ లాంటివి కలుపుతారు. విడిపోకూడదని తయారుచేసినదాన్ని విడగొట్టాలని నేను గరిటెతో కుస్తీ పట్టానన్నమాట. ఇప్పుడు కొబ్బరి, నీళ్లు తప్ప ఇంకేం లేవని వెనక రాసి ఉంటేనే కొంటాను. దొరక్కపోతే ఒక కాయ తురిమి, గ్లాసు గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో తిప్పి, గుడ్డలో పిండి, ఆ మొదటి పాలు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడతాను. మీగడలా పైన గట్టిపడినదాన్ని తీస్తే ఎనిమిది పది నిమిషాల్లో నూనె వదులుతుంది. రెండోసారి పిండిన పలచటి పాలు తరవాత పులుసుకి పనికొస్తాయి. ఓపిక లేని రోజున ప్యాకెట్ పాలలోనే ఒక చెంచా కొబ్బరినూనె వేసి కానిచ్చేస్తాను. మోసమే, కానీ తినేవాళ్లు కనిపెట్టలేదు.

ఇక పేస్టు. డబ్బా పేస్టు చెడ్డదేం కాదు, ఆఫీసు నుంచి ఏడున్నరకి వచ్చి ఎనిమిదిన్నరకి కూర దించాలంటే అదే దిక్కు. కాకపోతే ఉప్పు ఎక్కువ. ఫిష్ సాస్ సగానికి తగ్గించకపోతే కూర నోట పెట్టలేం. నేనే నూరుకుందామని మొదటిసారి రోలు ముందు కూర్చున్నప్పుడు నలభై నిమిషాలు పట్టింది, అయినా పాడైంది. నిమ్మగడ్డిని వేలెడు ముక్కలుగా వేశాను. అది నలగలేదు సరికదా, పీచుపీచుగా విడిపోయి చీపురు పుల్లలు నమిలినట్టుంది. దాని అడుగున తెల్లగా ఉండే నాలుగు అంగుళాలనే, అడ్డంగా, కాగితమంత పలచగా తరగాలి. ముందు కల్లుప్పుతో కలిపి గట్టివి, అంటే నిమ్మగడ్డి, గలంగల్ అనే అల్లంలాంటి దుంప దంచాలి. అవి నలిగాకే మిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు. తడివి ముందు వేస్తే గట్టివి రోట్లో జారిపోతూనే ఉంటాయి, పచ్చిమిరప రసం కంట్లో పడుతుంది. నాకు పడింది. మిక్సీలో వేసేవాళ్లు నీళ్లకి బదులు కొబ్బరి మీగడ వాడండి. నీళ్లు పోసి తిప్పిన పేస్టు వేగదు, ఉడుకుతుందంతే.

గలంగల్ అంటే మన దుంపరాష్ట్రం. మూలికల కొట్లో ఎండుది దొరికిందని సంబరపడి పావుకిలో కొన్నాను. రాయి. రెండు రోజులు నానబెట్టినా మిక్సీ బ్లేడు అరిగింది కానీ అది అరగలేదు. ఇప్పుడు పచ్చిది దొరికినప్పుడు ఒకేసారి తెచ్చి, బిళ్లలుగా కోసి ఫ్రీజర్‌లో పడేస్తాను. దీనికి బదులు అల్లం వేస్తే అల్లం కూర వస్తుంది, అంతే. కొత్తిమీర వేళ్లు మాత్రం పైసా ఖర్చు లేని భాగ్యం. రైతుబజార్‌లో కట్ట వేళ్లతోనే ఇస్తారు, ఇన్నేళ్లూ కోసి పారేశాం. ఈ పేస్టుకి సగం వాసన వాటిదే. రొయ్యల పేస్టు లేనప్పుడు వేయించిన ఎండు రొయ్యల పొడి ఒక చెంచా వేస్తాను. వంకాయల్లో బఠాణీల్లా ఉండే రకం ఒకటి కూరలో వేస్తారు. అవి మన ఉస్తికాయలే.

ఫిష్ సాస్‌కి నా నుంచి పూర్తి మార్కులు. చిన్న చేపల్ని ఉప్పుతో కలిపి ఏడాది, ఏడాదిన్నర ఊరబెట్టి తీసిన ద్రవం. సీసా మూత తీస్తే మాత్రం కింద పోర్షన్‌వాళ్లకి కూడా తెలుస్తుంది. మా అమ్మది మచిలీపట్నం వైపు. మొదటిసారి వాసన చూసి, "ఏమే, ఎండు చేపలు కడిగిన నీళ్లు కొనుక్కొచ్చావా, డబ్బులిచ్చి?" అంది. నిజానికి మరిగే కూరలో పడ్డాక ఆ వాసన పోయి రుచి మాత్రం మిగులుతుంది. ఉప్పుతో ఆ లోతు రాదు. ఒక పెద్ద సీసా మాకు ఏడెనిమిది నెలలు వస్తుంది. అడుగున ఉప్పు పలుకులు పేరుకుంటాయి, రంగు ముదురుతుంది, భయపడక్కర్లేదు.

అమ్మతో అసలు పేచీ తులసి దగ్గర వచ్చింది. మిరపకాయలు, వెల్లుల్లి, ఖైమాతో చేసే పాడ్ క్రపావ్‌లో క్రపావ్ అంటే తులసి జాతి ఆకే. కోటలో తులసి మీద చెయ్యి వేస్తే ఇంట్లోంచి వెళ్లిపోతానంది. న్యాయమే. మేడమీద వేరే కుండీలో వేశాను, దానికి దీపం పెట్టం. మన కృష్ణ తులసికి మందు ఘాటు కాస్త ఎక్కువ, అందుకని గుప్పెడు వేయమన్నచోట సగం వేసి, పొయ్యి కట్టేశాక కలుపుతాను. గ్రీన్ కర్రీలో వేసే తులసి వేరు, అది మన రుద్రజడకి దగ్గరి చుట్టం. సబ్జా గింజలు చల్లితే మొలిచింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జాస్మిన్ బియ్యానికి సోనామసూరికి పోసినట్టు నీళ్లు పోస్తే జావ అవుతుంది, గ్లాసుకి గ్లాసుంపావు చాలు. తాటిబెల్లం బాగా కలుస్తుంది కానీ మన దగ్గర దొరికే నల్లటిది గ్రీన్ కర్రీ రంగు చెడగొడుతుంది, పాడ్ థాయ్‌కి, అంటే వేయించిన బియ్యపు నూడుల్స్‌కి, వాడుకోండి. పాడ్ థాయ్ నూడుల్స్ ఉడికించొద్దు, మామూలు నీళ్లలో నానబెట్టండి. నలుగురికీ ఒకేసారి చేద్దామని మూకుడు నింపితే ముద్దవుతుంది. ఒక్కొక్కరికీ విడిగా చేయాలి, కాబట్టి ఆఖరున తినేది వండినవాళ్లే.

నాకు ఇంకా తీరని లోటు మక్రూట్ నిమ్మ ఆకు. ఒకదానికొకటి అతికించినట్టు రెండు రేకులుండే ఆకు, చించితే చెయ్యంతా వాసన. మజ్జిగలో వేసే దబ్బాకుతో సర్దుకున్నాను. పర్వాలేదనిపిస్తుంది, అసలుది వేసిన మర్నాడు మాత్రం పర్వాలేదనిపించదు. నర్సరీ నుంచి తెచ్చిన మొదటి రెండు మొక్కల్నీ సీతాకోకచిలుక పురుగులు కాడలతో సహా నమిలేశాయి. మూడోదానికి దోమతెర చుట్టాను. ప్రస్తుతం పద్నాలుగు ఆకులున్నాయి, కూరకి నాలుగు కావాలి. కొత్త చిగురు వచ్చేదాకా నెలకి ఒక్కసారే గ్రీన్ కర్రీ అని ఇంట్లో చెప్పేశాను.