గేమ్ అయిపోగానే ఇంజిన్ పెట్టాలా, ముందు మనమే చూసుకోవాలా?

"అన్నా, రోజూ పది గేమ్‌లు ఆడుతున్నా, రేటింగ్ తొమ్మిది వందల దగ్గరే కూర్చుంది" అని ఆదివారాలు కావలిలో మాతో చెస్ ఆడే కుర్రాళ్లలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఓడిన గేమ్ మళ్లీ చూసుకున్నావా అంటే "ఆ, ఇంజిన్ పెట్టి చూశా" అంటారు. ఇంజిన్ అంటే మన ఎత్తుల తప్పొప్పులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్. చూడటమంటే అర నిమిషం. తప్పుల గుర్తులు లెక్కపెట్టి ఇంకో గేమ్‌కి పోవడమే. ఏడాది పాటు నేనూ అదే చేశాను కాబట్టి వాళ్లని ఏమీ అనలేను.

ఇంజిన్ దండగ అని కాదు. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో పైసా కట్టకుండా స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ మన గేమ్ మొత్తం చూసిపెడుతుంది, మనకు తట్టని దెబ్బలు చూపిస్తుంది, మొహమాటం అసలే ఉండదు. కాకపోతే ఏ ఎత్తు తప్పో చెబుతుందిగానీ, ఆ ఎత్తు నువ్వెందుకు ఆడావో దానికేం తెలుసు? నా లెక్కలో అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఒకసారి నాకు నల్ల పావులు. అవతలివాడు బిషప్‌ని సి4 గడిలో పెట్టి, గుర్రాన్ని జి5కి తెచ్చి ఎఫ్7 మీద కన్నేశాడు. నేను డి5కి బంటు తోశాను, బంటుతో తిన్నాడు, నేను ఎఫ్6 గుర్రంతో టక్కున తినేశాను. వాడి గుర్రం ఎఫ్7లో దూకింది, రాజుతో తిన్నాను, మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెప్పింది, నా రాజు నడిబోర్డులోకి నడిచాడు, ఇంకేముంది! తినకుండా రెండో గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని తరమాల్సింది అంది ఇంజిన్. సరేనని బట్టీపట్టాను. చాలా రోజుల తర్వాత అదే గేమ్ తీసి, ఎందుకు తిన్నానో నోట్‌బుక్‌లో రాద్దామని కూర్చుంటే వచ్చిన జవాబు "వాడు తిన్నాడు కాబట్టి". ఇంకో ఆరు గేమ్‌లు తిరగేస్తే నాలుగింటిలో అదే కారణం, ఓపెనింగ్‌లు మాత్రం వేరు. తింటే ఆలోచించకుండా తిరిగి తినడం, అదీ నా జబ్బు. ఇంజిన్ దాన్ని నాలుగు వేరువేరు తప్పులుగా చూపించింది.

ఇప్పుడైతే రాత్రి ఆడిన పదిహేను నిమిషాల గేమ్ ఎత్తులు నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, పొద్దున నెల్లూరు ట్రైన్‌లో చిన్న అయస్కాంతం బోర్డు మీద ఆడించుకుంటా. ఎక్కడ గాడి తప్పిందో, అప్పుడు ఏమనుకున్నానో ఒక్కో ముక్క రాస్తా. పెన్న వంతెన వచ్చాకే ఇంజిన్. అది మాత్రం మానకూడదు, ఎందుకంటే ఉత్తినే పోయిన గుర్రాన్ని చూసుకోకుండా "ప్లాన్ బాగలేదు" అని గంభీరంగా రాసుకున్న రోజులూ ఉన్నాయి. 1948లో ప్రపంచ చాంపియన్ అయిన బోట్విన్నిక్ సొంత గేమ్‌లు విశ్లేషించుకోమని గట్టిగా చెప్పేవాడు, ఆయన కాలంలో మన చేతిలో ఉన్న ఇంజిన్ ఎక్కడిది!

రాసుకునే ఓపిక లేనివాళ్లకి లిచెస్‌లోనే తప్పుల నుంచి నేర్చుకునే పద్ధతి ఒకటుంది, జవాబు దాచి మనల్నే మంచి ఎత్తు వెతకమంటుంది. ఫర్వాలేదు.

కోచ్ దొరికితే మంచిదే. పజిల్స్ ఎటూ చేస్తారు. మూడు నిమిషాల గేమ్‌లు చూసుకోవడం టైమ్ వేస్టు, వాటిలో ఆలోచనే ఉండదు.

నోట్‌బుక్ ఎందుకు, ఫోన్‌లో రాసుకుంటే పోలా అని మొన్న ఒకడు అడిగాడు. రాసుకోవచ్చు, కానీ ఇంజిన్ బటన్ కూడా అదే ఫోన్‌లో ఉంది, నాకైతే చెయ్యి ఆగదు.