ఆరోగ్యశాఖ మీద పార్లమెంటు కమిటీ రిపోర్టులు: వాడి చూశాను, ఐదుకి మూడు

బిర్యానీ సెంటర్లకీ, మిక్సీలకీ, చివరికి కటింగ్ షాపులకీ రేటింగులు ఇస్తున్నాం కదా, ఈసారి మన పన్నులతో నడిచే ఒక సర్వీసుకి ఇద్దామని కూర్చున్నాను. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ పనితీరు చూడటానికి పార్లమెంటు స్టాండింగ్ కమిటీ ఒకటుంది, పేపర్లవాళ్లు స్థాయీ సంఘం అని రాస్తారు. దాని రిపోర్టులు పార్లమెంటు సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి, కానీ ఒక్కటైనా తెరిచి చదివినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో ఎవరూ లేరు. నేను పదకొండేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగాను, ఎక్కువగా ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపే, అందుకని ఈ రివ్యూలో కొంత పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను.

ముందు సరుకేంటో చూద్దాం. కమిటీలో 31 మంది ఎంపీలు, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, రకరకాల పార్టీలవాళ్లు. ఆరోగ్యశాఖ సెక్రటరీనీ, డ్రగ్ కంట్రోలర్‌నీ, ఐసీఎంఆర్ (కేంద్రం నడిపే వైద్య పరిశోధన మండలి) పెద్దల్నీ పిలిపించి ప్రశ్నలడుగుతారు. తలుపులు వేసుకునే అడుగుతారు, టీవీలో రాదు, బహుశా అందుకే అక్కడ అరుపులు తక్కువ, ఫైళ్లు ఎక్కువ. చివరికి రిపోర్టు రాసి రెండు సభల ముందూ పెడతారు. 1993 నుంచీ ఇదే పద్ధతి. వాళ్లు చెప్పింది ప్రభుత్వం చేసి తీరాలన్న రూలు మాత్రం లేదు, దాని సంగతి తర్వాత.

నన్ను పట్టి కూర్చోబెట్టింది 72వ రిపోర్టు, 2013 ఆగస్టులో వచ్చింది. విషయం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా. 2009 జూలైలో అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ఆ టీకా వేయించడం మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు, సుమారు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారని గొడవ మొదలయ్యేసరికి 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ చావులకీ టీకాకీ సంబంధం కనిపించడం లేదనే కేంద్రం వేసిన విచారణ కమిటీ తేల్చింది, పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు. కాబట్టి ఇది చదివి ఎవరూ టీకా మానేయకండి దయచేసి, మా అక్క కూతురికి నేనే దగ్గరుండి వేయించాను. పార్లమెంటు కమిటీ గట్టిగా పట్టుకున్న ప్రశ్న ఏంటంటే, ఆ పిల్లలకి ఎవర్ని అడిగి వేశారు?

ఆ లెక్క ఉన్న పేజీ నేను మూడుసార్లు చదివాను. ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించి చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్లో హెడ్‌మాస్టర్లో పెట్టిన సంతకాలు. చాలా పత్రాల మీద సాక్షి సంతకమే లేదు. ఏజెన్సీ ఏరియా తెలిసినవాళ్లకి ఇది వెంటనే కళ్లకి కడుతుంది. పిల్ల ఆశ్రమ పాఠశాలలో ఉంటుంది, అమ్మానాన్న ఎక్కడో లోపల గూడెంలో, పోడు పనిలోనో మిరప కోతల్లోనో ఉంటారు, పండక్కో పబ్బానికో వచ్చి తీసుకెళ్తారు. ఈలోగా ఏ కాగితం వచ్చినా దాని మీద సంతకం వార్డెన్‌దే. ఆ అలవాటు మీదే ఒక వైద్య పరిశోధన నడిపించేశారు. అందుకే పిల్లల హక్కుల్ని కాలరాశారని కమిటీ మొహమాటం లేకుండా రాసింది, మొత్తం వ్యవహారం 'ఫిషీ'గా ఉందని కూడా రాసింది, అచ్చంగా అదే మాట. పార్లమెంటు కాగితం మీద ఆ మాట చూసి కాస్త నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

ఉచిత టీకాల గురించి కమిటీ అనుమానం మాత్రం నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఫీల్డ్‌లో ఫ్రీ శాంపిల్ ఎందుకిస్తాం, రేపు ఆర్డర్ వస్తుందనే కదా. రేపు ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి ఇది ఎక్కితే మార్కెట్ ఎంతవుతుందో చూసుకోండి అన్నట్టుగా ఉంటుంది కమిటీ వాదన. పాత్ సంస్థ ఈ ఆరోపణల్ని ఒప్పుకోలేదు, అదీ చెప్పాలి.

ఇంకో విశేషం ఉంది. ఇదే టీకా వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. పార్లమెంటు కమిటీ రిపోర్టుని కోర్టులో ఆధారంగా చూపించొచ్చా, చూపిస్తే సభ హక్కులకి భంగమా అని ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కూర్చుంది. 2018 మేలో తీర్పు వచ్చింది, రిపోర్టుని కోర్టు చూడొచ్చు, వాడుకోవచ్చు, కాకపోతే రిపోర్టు చెల్లదని మాత్రం కోర్టులో సవాలు చేయకూడదు అని. మన భద్రాచలం పిల్లల కాగితాల దగ్గర మొదలైన గొడవ దేశం మొత్తానికి ఒక రూలు తెచ్చిపెట్టింది, ఆ సంగతి భద్రాచలంలో ఎంతమందికి తెలుసో మరి.

మందుల ఫీల్డ్‌లో ఉన్నవాళ్లయితే 59వది చదవండి, 2012 మేలో వచ్చింది, కొత్త మందులకి అనుమతులిచ్చే సీడీఎస్‌సీఓ మీద. 42 మందుల ఫైళ్లు అడిగితే మూడు ఫైళ్లు దొరకనే లేదట. మిగిలిన 39లో 11 మందులకి రూల్ ప్రకారం జరగాల్సిన మూడో దశ ట్రయల్స్, అంటే ఎక్కువమంది రోగుల మీద చేసే పరీక్షలు, జరగలేదు. ఇంకా బాగున్నదేంటంటే, వేరువేరు ఊళ్లలో ఉన్న పెద్ద డాక్టర్లు ఫలానా మందు మంచిదని రాసిన ఉత్తరాలు మాటకి మాట ఒకేలా ఉన్నాయి, ఇవి ఎవరో రాసిస్తే సంతకాలు పెట్టినవని కమిటీ అనుమానించింది. నేను చదువుతూ పక్కన ఎవరూ లేకపోయినా తల దించుకున్నాను, ఇంతకన్నా వివరంగా రాయను. 2016లో, డాక్టర్ల చదువులూ రిజిస్ట్రేషన్లూ చూసే మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మీద వచ్చిన 92వది కూడా గట్టిదే, ఆ తర్వాత నాలుగేళ్లకి ఆ కౌన్సిలే పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది.

మరి రెండు స్టార్లు ఎక్కడ కోశానంటే, ఒకటి ఆఫ్టర్ సేల్స్ సర్వీస్‌లో. కమిటీ చెప్పినదానికి ప్రభుత్వం జవాబిస్తుంది, ఆ జవాబుల మీద యాక్షన్ టేకెన్ రిపోర్ట్ అని ఇంకోటి వస్తుంది. అందులో ప్రభుత్వం ఒప్పుకున్నవి, కమిటీ ఇక పట్టించుకోదల్చుకోనివి, జవాబు నచ్చనివి, జవాబింకా రానివి అని విడివిడిగా ఉంటాయి. 'పరిశీలనలో ఉంది' అన్న జవాబు చూస్తే కస్టమర్ కేర్ వాళ్ల 'మీ కంప్లయింట్ నమోదైంది సార్' గుర్తొస్తుంది. పైగా కమిటీని ఏటా కొత్తగా వేస్తారు, అడిగినవాళ్లు ఒకరు, జవాబు చదివేవాళ్లు ఇంకొకరు అయ్యే అవకాశం ఉంది. కోవిడ్ రిపోర్టే చూడండి, 123వది, 2020 నవంబర్‌లో అప్పటి రాజ్యసభ ఛైర్మన్ వెంకయ్యనాయుడు గారి చేతికిచ్చారు. ఆస్పత్రుల అవసరానికి సరిపడా ఆక్సిజన్ తయారయ్యేలా చూడండి, సిలిండర్ ధరకి కళ్లెం వేయండి అని అందులో స్పష్టంగా ఉంది. ఐదు నెలలు తిరక్కుండానే సెకండ్ వేవ్, సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి అని వాట్సాప్ గ్రూపుల్లో మనం ఎన్ని నంబర్లు ఫార్వర్డ్ చేశామో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ నవంబర్ కాగితం ఇప్పుడు చదివితే కడుపు రగులుతుంది.

రెండో స్టార్ భాష దగ్గర పోయింది. రిపోర్టు ఇంగ్లిష్‌లో, హిందీలో వస్తుంది, అంతే. వేలిముద్ర వేసిన ఆ 1,948 మంది ఇళ్లలో ఇప్పుడు చదువుకున్న పిల్లలుంటారు, ఆనాడు టీకా వేయించుకున్నవాళ్లకే ఈపాటికి పెళ్లిళ్లయి పిల్లలుంటారు, వాళ్ల గురించి పార్లమెంటు ఏం రాసిందో వాళ్లు చదువుకోవడానికి తెలుగులో ముక్క లేదు. తలుపులు వేసుకుని మాట్లాడితే మాట్లాడారు, రాసినదైనా మనకి అర్థమయ్యేలా ఇవ్వొచ్చు కదా.

కొత్తగా చదివేవాళ్లకి ఒక సలహా, మొదటి పేజీల్లో సభ్యుల పేర్లు, పరిచయం దాటేసి సిఫార్సులకి వెళ్లండి, తర్వాత చివర్లో ఉండే సమావేశాల మినిట్స్ చూడండి, ఎవర్ని ఏమడిగారో అక్కడ తెలుస్తుంది. ఫోన్‌లో కష్టం, ప్రింట్ తీయించుకుంటే మేలు.

మొన్న ఆ అంగీకార పత్రాల పేజీని, ఏజెన్సీలో టీచర్‌గా చేసి రిటైరైన ఒక మాస్టారికి ఫోన్‌లో తెలుగు చేస్తూ చదివి వినిపించాను. అంతా విని, "ఇది రాసి పంపు బాబూ, నేను కళ్లతో చదువుకుంటాను" అన్నారు. ఆదివారాలు కూర్చుని నాలుగు పేజీలు చేశాను. 'ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్' దగ్గర పెన్ను ఆగిపోయింది, ప్రస్తుతానికి 'తెలిసి ఒప్పుకోవడం' అని రాసి పెట్టాను, ఇంతకన్నా మంచి మాట మీకెవరికైనా తడితే చెప్పండి.