దూరపు ఊరికి ఇల్లు మారడం: ఏ పద్ధతి మేలు?

ఉన్న ఊళ్లోనే ఇల్లు మారడానికి, వందల కిలోమీటర్ల దూరానికి ఇల్లు ఎత్తుకుపోవడానికి పోలిక లేదు. ఊళ్లోనే అయితే మరిచిపోయిన వస్తువు కోసం మర్నాడు వెళ్లి తెచ్చుకోవచ్చు, ఒకే బండిని నాలుగుసార్లు తిప్పుకోవచ్చు, పనికిరాదని తేలిన దాన్ని తర్వాత తీరిగ్గా వదిలించుకోవచ్చు. దూరప్రయాణంలో ఈ వెసులుబాట్లేవీ ఉండవు. అక్కడ మనముందుండే మార్గాలు నాలుగు: సర్దడం నుంచి దించడం దాకా అంతా తరలింపు సంస్థకు అప్పగించడం, మనమే సర్దుకుని బండి మాట్లాడుకోవడం, పలువురి సామాను కలిసి వెళ్లే బండిలో మనకు కావలసినంత చోటు తీసుకోవడం, పెద్ద సామాన్లన్నీ అమ్మేసి చేరిన చోట మళ్లీ కొనుక్కోవడం. చాలామంది ముందుగా రెండు మూడు సంస్థలను పిలిచి ధరలు అడుగుతారు. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. ఎంత సామాను వెళ్లాలో తేలకముందు ఎలా వెళ్లాలో తేల్చలేము. ఇల్లు నిండుగా ఉన్నప్పుడు చౌకగా కనిపించిన మార్గం, మూడో వంతు సామాను తగ్గాక అన్నిటికన్నా ఖరీదైనదిగా మారవచ్చు.

లారీకైనా ఓడకైనా వస్తువు విలువతో నిమిత్తం లేదు, అది ఆక్రమించే చోటే లెక్క. ఒక చెక్క బీరువా 1.2 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల లోతు, 2 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. నిలువునా ఎక్కిస్తే అది దాదాపు 1.44 ఘనపు మీటర్ల చోటు తీసుకుంటుంది. అదే బీరువాను విప్పి పలకలుగా పేరిస్తే, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలన్నీ కలిపి సుమారు 0.15 ఘనపు మీటర్లు దాటవు, చుట్టిన దుప్పట్లతో కలిపినా మొత్తం 0.2 దగ్గర ఆగుతుంది. అంటే విప్పని బీరువాకు కట్టే కిరాయిలో ఏడింట ఆరు వంతులు లోపలి గాలికి కడుతున్నామన్నమాట. సోఫా, పరుపు, బొమ్మల బుట్ట, ఖాళీ డ్రమ్ము అన్నీ ఇలాంటివే. పుస్తకాల తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న చిన్న అట్టపెట్టెలో నిండా పుస్తకాలు పెడితే బరువు 20 కిలోలు దాటుతుంది గాని, అది తీసుకునే చోటు 36 లీటర్లే. అయితే కొన్ని దేశాల్లో రోడ్డు తరలింపుకు చోటును కాక బరువును బట్టి లెక్క కడతారు, అక్కడ పుస్తకాల అలమర సోఫాకన్నా భారమవుతుంది. కాబట్టి ఎవరినైనా ధర అడిగే ముందు, వారు ఏ కొలత మీద ధర కడతారో అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఏది అమ్మాలో, ఏది తీసుకెళ్లాలో సగం తేలిపోతుంది.

మిగతా సగం ఒక చిన్న తీసివేతతో తేలుతుంది. ఒక వస్తువును అక్కడిదాకా చేర్చడానికయ్యే ఖర్చు ఒకవైపు, చేరిన చోట దాని బదులు కొనే వస్తువు ధరలోంచి ఇక్కడ అమ్మితే వచ్చే సొమ్ము తీసివేస్తే మిగిలేది మరోవైపు. మొదటిది తక్కువైతే తీసుకెళ్లాలి, ఎక్కువైతే అమ్మాలి. లెక్క సులువే గాని ఇందులో మనల్ని మనమే మోసం చేసుకునే చోట్లు రెండున్నాయి. మొదటిది, అమ్మితే వచ్చే సొమ్మును మనం కొన్న ధరతో పోల్చి ఊహించుకోవడం. చివరి వారంలో అమ్మకానికి పెట్టిన వస్తువుకు కొనేవాడు చెప్పిందే ధర, ఎందుకంటే మనకు గడువు ఉందని అతనికి తెలుసు. రెండు నెలల ముందే మొదలుపెడితే బేరం మన చేతిలో ఉంటుంది. రెండోది, అక్కడికి వెళ్లాక వాడిన వస్తువే కొంటామని లెక్క వేసి, తీరా చేరాక కొత్తది కొనడం. నిజం చెప్పాలంటే కొత్త ఊళ్లో మొదటి నెలలో పాత సామాను వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి లెక్కలో కొత్తదాని ధరే వేసుకోవడం నిజాయితీ. అలా వేసినా అమ్మడమే మేలని తేలిన వస్తువును ఇక అట్టిపెట్టుకోనక్కరలేదు.

చెక్క సామానులో మరో తేడా ఉంది. గట్టి కలపతో చేసిన మంచాన్ని ఎన్నిసార్లయినా విప్పి బిగించవచ్చు. పొడిచెక్కను జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు సామానుకు ఆ గుణం లేదు, మర ఒకసారి ఊడదీసి మళ్లీ బిగిస్తే రంధ్రం పట్టు వదులుతుంది. విప్పకుండా తీసుకెళ్తే చోటు దండగ, విప్పితే ప్రాణం పోతుంది. ఇలాంటి బీరువాలు, బల్లలు దూరప్రయాణానికి తగినవి కావని నా అభిప్రాయం. దేశం దాటి వెళ్లేవారు విద్యుత్తు సంగతి కూడా చూసుకోవాలి. కొన్ని దేశాల్లో 100 నుంచి 127 వోల్టులు, ఎక్కువ దేశాల్లో 220 నుంచి 240 వోల్టులు వస్తాయి. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు సాధారణంగా రెంటికీ పనిచేస్తాయి, వాటి మీద 100–240 అని రాసి ఉంటుంది. ఇస్త్రీపెట్టె, హీటరు వంటి వేడిచేసే పరికరాలు అలా కావు, వాటిని నడపగల ట్రాన్స్‌ఫార్మరు ఆ పరికరం కన్నా బరువుగా ఉంటుంది.

ఇలా వడపోసి మిగిలిన సామానుకు అసలు ప్రశ్న, ఎవరు సర్దాలి అన్నది. మనమే సర్దుకుంటే చౌక అన్నది నిజమే గాని, అది పూర్తి నిజం కాదు. మనం సర్దిన పెట్టె లోపల ఏదైనా పగిలితే, పెట్టెకు పైన దెబ్బ కనిపిస్తే తప్ప, చాలా ఒప్పందాలు సంస్థను బాధ్యురాలిగా ఒప్పుకోవు. లోపల ఎలా పెట్టారో మాకేం తెలుసు అన్నది వారి వాదన, దాన్ని తప్పుపట్టలేం. అంటే మనం ఆదా చేసుకున్న కూలితో పాటు పగులుబాటు భారాన్ని కూడా నెత్తికెత్తుకుంటున్నాము. మరోవైపు, సంస్థ పనివాళ్లు ఒక్కరోజులో ఇల్లంతా సర్దేస్తారు, ఆ వేగంలో చెత్తబుట్టను కూడా చెత్తతో సహా పొందికగా చుట్టి పెట్టెలో పెట్టేస్తారు. మా ఇంట్లో ఇది నిజంగానే జరిగింది, ఆ పెట్టె విప్పేదాకా మాకు తెలియలేదు. వారికి ఏది ముఖ్యమో తెలియదు, కంటికి కనిపించిందల్లా పెట్టెలోకి వెళ్తుంది.

అందువల్ల ఈ రెండు పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలనుకోవడమే పొరపాటు. పుస్తకాలు, బట్టలు, పరుపు దుప్పట్లు, లోహపు పాత్రలు మనమే సర్దుకోవాలి, ఎందుకంటే అవి పగలవు, వాటికి సమయం తప్ప నేర్పు అక్కరలేదు. గాజు, పింగాణీ, టీవీ, అద్దాలు, పెద్ద యంత్రాలు వారికి వదిలేయాలి. పింగాణీని మనమే సర్దక తప్పకపోతే, పళ్లేలను ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టక, ఒక్కొక్కదాన్ని కాగితంలో చుట్టి అంచు మీద నిలబెట్టాలి. పడుకోబెట్టిన దొంతరలో కుదుపంతా అడుగు పళ్లెం మీద పడుతుంది, నిలబెట్టినప్పుడు ఎవరి బరువు వారే మోస్తారు. అద్దాలకూ టీవీకీ ఇదే సూత్రం. పెట్టెను ఊపి చూస్తే చప్పుడు రాకూడదు.

పూర్తి బండి మేలా, కలిసి వెళ్లే బండి మేలా అన్నదానికి జవాబు చాలావరకు సామాను పరిమాణాన్ని బట్టే వస్తుంది. బండి సగం కూడా నిండకపోతే మిగతా సగానికి కిరాయి కట్టడం అర్థం లేని పని. కాని కలిసి వెళ్లే బండి చౌకగా దొరకడానికి ఒక కారణముంది, దాన్ని ధర చెప్పేటప్పుడు ఎవరూ నొక్కి చెప్పరు. ఆ బండి నిండేదాకా కదలదు, దారిలో గోదాముల్లో సామాను దించి మరో బండిలోకి ఎక్కిస్తారు. సామాను దెబ్బతినేది రోడ్డు మీద కన్నా ఈ ఎత్తడం దించడంలోనే ఎక్కువ. పూర్తి బండికి ఎక్కించడం ఒకసారి, దించడం ఒకసారి. కలిసి వెళ్లే బండిలో అది నాలుగు సార్లు కావచ్చు, ఆరు సార్లూ కావచ్చు. చేరే తేదీ కూడా ఫలానా రోజని కాక, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు లోపల అని చెబుతారు. ఆ చివరి తేదీనే అసలు తేదీగా లెక్కపెట్టుకుంటే నిరాశ ఉండదు. పుస్తకాలు, బట్టలు మాత్రమే మిగిలినవారు నిస్సందేహంగా కలిసి వెళ్లే బండినే ఎంచుకోవచ్చు. గాజు బీరువా, సంగీత వాద్యం, తాతలనాటి చెక్క సామాను ఉన్నవారికి, బండి నిండకపోయినా, కలిసి వెళ్లే బండిని నేను సిఫారసు చేయను.

బండి అద్దెకు తీసుకుని స్వయంగా నడుపుకుంటూ వెళ్లడం కూడా కొన్నిచోట్ల వాడుకలో ఉంది. కిరాయి తక్కువగా కనిపిస్తుంది. ఇంధనం, బండిని వేరే ఊళ్లో వదిలినందుకు అదనపు రుసుము, దారిలో రాత్రి బస, రెండు చివరలా మోసేవారి కూలి కలుపుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. అయినా వెళ్లేవారు బరువైన వాటిని అడుగున, బండి ముందు గోడకు ఆనించి పెట్టి, ప్రతి వరుసనూ తాడుతో కట్టుకోవాలి.

సముద్రం దాటేవారికి లెక్క వేరు. 20 అడుగుల కంటైనరు లోపల సుమారు 33 ఘనపు మీటర్ల చోటుంటుంది, అది నిండకపోతే ఘనపు మీటరు లెక్కన చోటు కొనుక్కోవచ్చు. విమానంలో పంపితే అసలు బరువు, చోటును బట్టి కట్టే బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి రుసుము కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించడం విమాన సరుకులో వాడుక. 60 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉన్న రజాయి మూట నాలుగు కిలోలే తూగినా, దానికి కట్టేది 25 కిలోల రుసుము. ఇక్కడా గాలికే కిరాయి. రజాయిని గాలి తీసే సంచిలో అదిమితే ఆ భారం తగ్గుతుంది. ఓడలో పంపే చెక్క సామాను ఆరుబయటి చెమ్మ కన్నా కంటైనరు లోపల పట్టే చెమ్మకు ఎక్కువ భయపడాలి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే ఇనుప గోడలకు నీటి బిందువులు పట్టి సామాను మీద రాలుతాయి కనుక, తేమ పీల్చే సంచులు వేయమని ముందే అడగాలి.

ఏ పద్ధతిలో వెళ్లినా ముందుగా సిద్ధం చేయవలసిన యంత్రాలు రెండున్నాయి. ఫ్రిజ్‌ను కనీసం ఒక రోజు ముందే ఆపి, మంచు కరిగించి, తుడిచి ఆరబెట్టాలి, నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి చేరుతుంది, అలా పడుకోబెట్టక తప్పకపోతే చేరాక నిలబెట్టి చాలా గంటలు ఆగి గాని స్విచ్ వేయకూడదు. ముందువైపు తలుపుండే బట్టల యంత్రంలో తొట్టె స్ప్రింగుల మీద వేలాడుతుంది. దాన్ని కదలకుండా పట్టే పొడవాటి బోల్టులు కొన్న రోజున తీసి ఇచ్చి ఉంటారు, అవి ఇంట్లో ఎక్కడో ఒక సంచిలో ఉంటాయి. లేకపోతే ఆ మోడలు నంబరు చెప్పి ముందే తెప్పించుకోవాలి, బోల్టులు లేకుండా ఎక్కిస్తే తొట్టె ఊగి యంత్రం లోపలే దెబ్బతింటుంది. గ్యాసు సిలిండరు, పెట్రోలు, రంగు డబ్బాలు, స్ప్రే డబ్బాలు ఏ బండిలోనూ పెట్టకూడదు. విమానంలో వెళ్లేవారు విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను చేతిసంచిలోనే ఉంచుకోవాలి, వాటి మీద రాసి ఉండే సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

ఇక మనుషులు ముందా, సామాను ముందా? సామాను వెళ్లాక రెండు రోజులు ఖాళీ ఇంట్లో ఉండి, ఇల్లు శుభ్రం చేసి తాళం అప్పగించి వెళ్లడం తీరిగ్గా ఉంటుంది, కాని బండి మనకన్నా ముందు చేరితే అక్కడ దింపించుకునేవారు ఉండరు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు ముందు వెళ్లి, కొత్త ఇంటి గుమ్మాలు, మెట్ల మలుపులు, లిఫ్టు కొలిచి, ఏ గదిలో ఏది పెట్టాలో నిర్ణయించుకుని ఉండడం అన్నిటికన్నా మంచిది. ఒక్కరే ఉన్నవారు, లేదా పసిపిల్లలతో ఉన్నవారు సామాను ముందు పంపక, దానితో సమానంగా చేరేలా చూసుకోవాలి. ఎవరు ముందు వెళ్లినా వారం రోజులకు సరిపడా బట్టలు, మందులు, చదువు పత్రాలు, ఇంటి పత్రాలు, నగలు ఎవరి సంచిలో వారి వెంట ఉండాలి. వాటిని లారీలో ఏ పద్ధతిలోనూ పంపకూడదు.

బీమాలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి బండికి ప్రమాదం జరిగి సామాను మొత్తంగా పోతేనే వర్తిస్తుంది, మరొకటి విడివిడిగా పగిలిన వాటికీ వర్తిస్తుంది. మొదటిది చౌక గాని, ఇంటి సామానుకు జరిగే నష్టాలు ఎక్కువగా రెండో తరహావే. పరిహారం పాతబడిన విలువకు ఇస్తారా, కొత్తది కొనే ధరకు ఇస్తారా అన్నదీ చూసుకోవాలి. పదేళ్ల టీవీకి మొదటి లెక్కన వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఎక్కించే ముందు ప్రతి పెట్టెకూ ఒక అంకె వేసి జాబితా రాసుకుని, విలువైన వాటికి ఫోటోలు తీసి ఉంచుకుంటే, దించేటప్పుడు ఆ అంకెలు ఒక్కొక్కటీ కొట్టివేస్తూ లెక్క చూసుకోవచ్చు. అన్నీ చేరినట్టు సంతకం పెట్టమని పనివాళ్లు తొందరపెడతారు, రాత్రయి ఉంటుంది, అందరూ అలసిపోయి ఉంటారు. నలిగిన పెట్టె ఉంటే ఆ సంగతి కాగితం మీద రాశాకే సంతకం పెట్టాలి. విప్పి చూసేదాకా ఆగమంటే వారు ఆగరు కాబట్టి, నలిగిన పెట్టెల అంకెలన్నీ రాసి, లోపల చూడలేదని పక్కన రాస్తే సరిపోతుంది.