పవర్ బీఐలో రేటింగ్ సర్వేలు: కొన్నేళ్లు వాడిన తర్వాత నా సమీక్ష

శిక్షణ తరగతుల ఫీడ్‌బ్యాక్, సిబ్బంది అభిప్రాయ సేకరణ, హాస్టల్ వసతుల సర్వే. వీటిని రిపోర్టులుగా మార్చడమే చాలాకాలంగా నా పని. ప్రశ్నలు వేరైనా జవాబుల తీరు ఒక్కటే: "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అస్సలు అంగీకరించను" దాకా ఐదు మెట్లు. అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లికర్ట్ 1932లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఈ రిపోర్టులన్నీ నేను పవర్ బీఐలోనే (డేటాను చార్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) చేస్తున్నాను. నా మాట ముందే చెబుతాను: ఈ పనికి ఇది గట్టి సాధనం. అయితే ఫారం నుంచి దిగిన షీటును ఉన్నదున్నట్టు ఎక్కించి చార్టులు గీయబోతే మాత్రం అడుగడుగునా అడ్డు తగులుతుంది. కష్టమంతా మోడల్‌లోనే, అంటే టేబుళ్లను మలిచి ఒకదానితో ఒకటి కలిపే తీరులోనే ఉంది. అది కుదిరితే మిగతాది తేలిక.

ఫారం షీటులో ఒక్కో మనిషికి ఒక్కో వరుస, ఒక్కో ప్రశ్నకు ఒక్కో కాలమ్ ఉంటాయి. చూడటానికి బాగానే ఉంటుంది కానీ, ఇరవై ప్రశ్నలను ఒకే చార్టులో పక్కపక్కన చూపాలంటే ఇరవై మెజర్లు (లెక్కగట్టే సూత్రాలు) రాయాల్సి వస్తుంది. అందుకే పవర్ క్వెరీలో (డేటాను శుభ్రం చేసి మలిచే పవర్ బీఐ భాగం) మనిషి వివరాల కాలమ్‌లను ఎంచుకుని "అన్‌పివట్ అదర్ కాలమ్స్" నొక్కాలి. అప్పుడు ఒక మనిషి ఒక ప్రశ్నకిచ్చిన ఒక జవాబు ఒక వరుస అవుతుంది. 240 మంది 20 ప్రశ్నలకు జవాబిస్తే 4,800 వరుసలు. వచ్చే నెల ఫారంలో కొత్త ప్రశ్న చేరినా దానంతటదే లోపలికి వచ్చేస్తుంది. కానీ "జిల్లా", "అనుభవం" లాంటి వివరాల కాలమ్ కొత్తగా చేరితే అదీ ప్రశ్నలాగే కిందికి దిగిపోతుంది. ఫారం మార్చేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. అన్‌పివట్ చేసినప్పుడు ఖాళీ గడులు మాయమైపోతాయి. ఫలానా ప్రశ్నను ఎంతమంది వదిలేశారో చెప్పాల్సిన రిపోర్టయితే, అన్‌పివట్‌కు ముందే ఖాళీలన్నింటినీ "జవాబు ఇవ్వలేదు" అనే మాటతో నింపాలి. ఎక్కువమంది వదిలేసిన ప్రశ్న కూడా ఏదో చెబుతోందనే నేను నమ్ముతాను. జీతం గురించిన ప్రశ్నను వదిలేసినవాళ్ల సంఖ్య, దానికి వచ్చిన రేటింగ్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

జవాబుల టేబుల్ మధ్యలో, దాని చుట్టూ మూడు చిన్న టేబుళ్లు: మనుషులు, ప్రశ్నలు, స్కేలు. ప్రశ్నల టేబుల్లో పూర్తి పాఠంతో పాటు పొట్టి పేరు కూడా ఉండాలి. లేకపోతే చార్టు అంచున ప్రశ్న సగంలోనే తెగి చుక్కలు మిగులుతాయి. విభాగం పేరు, ప్రశ్న తిరగేసి అడిగినదా కాదా అన్న గుర్తు కూడా అక్కడే పెడతాను. "ఇక్కడ పని ఒత్తిడి భరించలేనంతగా ఉంది" అన్న దానికి "పూర్తిగా అంగీకరిస్తాను" అంటే అది మంచి మార్కు కాదు కదా. అలాంటి ప్రశ్నలకు 6లోంచి జవాబు కోడ్‌ను (1 నుంచి 5 దాకా ఉండే అంకె, పూర్తిగా అంగీకరిస్తే 5) తీసేస్తే సరైన మార్కు వస్తుంది.

ఆ మార్కును ఎక్కడ ఉంచాలన్నదే అసలు ప్రశ్న. జవాబుల టేబుల్లోనే ఉంచాలి, స్కేలు టేబుల్లో కాదు. ఎందుకో చెబుతాను. పవర్ బీఐ జవాబులను మామూలుగా అక్షరక్రమంలో పేరుస్తుంది: అంగీకరించను, అంగీకరిస్తాను, అస్సలు అంగీకరించను, తటస్థం, పూర్తిగా అంగీకరిస్తాను. అలా గీసిన చార్టుకు తలాతోకా ఉండదు. దీనికి "సార్ట్ బై కాలమ్" అనే సదుపాయం ఉంది, ఒక కాలమ్‌లోని మాటలను ఇంకో కాలమ్‌లోని అంకెల క్రమంలో పేరుస్తుంది. కానీ ఒకే మాటకు రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తే అది ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. తిరగేసిన ప్రశ్నల మార్కును స్కేలు టేబుల్లోకి తెస్తే "పూర్తిగా అంగీకరిస్తాను"కు ఒకచోట 5, ఇంకోచోట 1 పడి సరిగ్గా ఇదే జరుగుతుంది. కాబట్టి వరుస అంకె (పేర్చే క్రమాన్ని చెప్పేది) ఎప్పుడూ మారకుండా స్కేలు టేబుల్లో, మార్కు జవాబుల టేబుల్లో. వరుస అంకెను కూడా పవర్ క్వెరీలోనే తయారు చేసుకోవాలి. జవాబు కాలమ్ ఆధారంగానే దాన్ని డాక్స్‌లో (పవర్ బీఐ సూత్రాల భాష) లెక్కగడితే సర్క్యులర్ డిపెండెన్సీ, అంటే ఒకదానిపై ఒకటి ఆధారపడ్డాయి అంటూ ఆగిపోతుంది.

ఒకే సర్వేలో ఐదు మెట్ల స్కేలుతో పాటు 0 నుంచి 10 దాకా మార్కు ఇచ్చే సిఫారసు ప్రశ్న ("ఇతరులకు సిఫారసు చేస్తారా?") కూడా ఉంటే ఇంకో మెలిక. ఇక్కడ రిలేషన్‌షిప్ (రెండు టేబుళ్లను కలిపే లంకె) ఒక్క కాలమ్ మీదే కుదురుతుంది. స్కేలు పేరు, జవాబు రెండూ కలిపి ఒక కీ కాలమ్ చేసుకోవాలి. ఈ రెండు స్కేళ్ల మార్కులనూ కలిపి సగటు తీయమని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పడమే మంచిది.

ఇక సగటు సంగతి. రేటింగ్ కాలమ్‌ను అలా లాగి చార్టులో పడేస్తే ఈ సాఫ్ట్‌వేర్ ముందుగా చేసేది కూడిక. బోధనకు 412 మార్కులు వచ్చాయని చూపిస్తుంది, దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. అందుకే ఆ కాలమ్‌కు "డోంట్ సమ్మరైజ్" (మొత్తం కట్టవద్దు) పెట్టి, దాన్ని దాచేసి, మెజర్లు మాత్రమే బయట ఉంచుతాను. సగటు మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. 40 మంది ఉన్న ఒక బ్యాచ్‌లో అందరూ 3 ఇచ్చారనుకోండి, ఇంకో బ్యాచ్‌లో 20 మంది 1, 20 మంది 5 ఇచ్చారనుకోండి. రెండింటి సగటూ 3. మొదటి తరగతి చప్పగా సాగింది, రెండో తరగతిలో సగం మంది మండిపడుతున్నారు. ఈ తేడాను దాచిపెట్టే అంకెను పై అధికారుల ముందు ఒంటరిగా పెట్టకూడదు. 4, 5 ఇచ్చినవాళ్ల శాతం, 1, 2 ఇచ్చినవాళ్ల శాతం పక్కపక్కన ఉండాల్సిందే.

శాతం తీసేటప్పుడు కింద ఏ సంఖ్య ఉందన్నది చాలా ముఖ్యం. హాస్టల్ భోజనం గురించి 50 మందిని అడిగాం, 20 మంది "వర్తించదు" అన్నారు, మిగిలిన 30 మందిలో 24 మంది మెచ్చుకున్నారు. 30తో భాగిస్తే 80 శాతం, 50తో భాగిస్తే 48 శాతం. హాస్టల్లో ఉండనివాళ్ల అభిప్రాయాన్ని వంటవాళ్ల లెక్కలోకి తేవడం అన్యాయం. "వర్తించదు"కు 0 గానీ 6 గానీ ఇవ్వకుండా మార్కును ఖాళీగా వదిలేస్తే సగటు దాన్ని పట్టించుకోదు. శాతానికి మాత్రం మార్కు ఉన్న వరుసలనే లెక్కపెట్టమని మెజర్‌లో రాయాలి. మనుషుల సంఖ్య కావాల్సిన చోట వరుసలు కాక, మనుషుల విడి ఐడీలు (ఒక్కో ఐడీ ఒక్కసారే) లెక్కపెట్టాలి. లేదంటే 240 మందికి బదులు 4,800 అని వస్తుంది.

నా పెద్ద ఫిర్యాదు చార్టుల గురించి. రేటింగ్ డేటాకు బాగా నప్పేది సున్నా గీతకు ఎడమన వ్యతిరేకత, కుడిన అనుకూలత కనిపించే బార్ చార్టు. పవర్ బీఐతో వచ్చే చార్టుల్లో అది లేదు. మామూలు స్టాక్డ్ బార్‌తోనే (ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పేరిన బార్) తయారు చేసుకోవాలి. వ్యతిరేక జవాబుల శాతాన్ని మైనస్‌గా ఇచ్చే మెజర్లు రాసి, తటస్థాన్ని సగం ఇటు, సగం అటు పంచాలి. మైనస్ గుర్తు కనిపించకుండా ఫార్మాట్ దగ్గర 0%;0% అని ఇస్తే చాలు, రెండువైపులా శుభ్రంగా కనిపిస్తుంది. ఎడమవైపు ముక్కలు సున్నా నుంచి బయటికి పేరుకుంటాయి కాబట్టి ముందు తటస్థం, తర్వాత అంగీకరించను, చివర అస్సలు అంగీకరించను రావాలి. ఒకసారి చక్కగా కుదిరిన చార్టును కాపీ చేసుకుని వాడుకుంటే రంగులు మళ్లీ మళ్లీ పెట్టే బాధ తప్పుతుంది. ఇంత వాడుకలో ఉన్న చార్టును ఇన్నేళ్లయినా లోపలే ఎందుకు ఇవ్వలేదో నాకు అర్థం కాదు.

తెలుగు సర్వేలు చేసేవాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. సీఎస్‌వీ ఫైలు తెరిచేటప్పుడు ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001, అంటే యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను సరిగ్గా చదివించే ఎన్‌కోడింగ్) ఉందో లేదో చూడండి. వేరేది ఉంటే తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారుతుంది. రెండోది కంటికి కనిపించని చిక్కు. మా ఊళ్ల సిబ్బంది తెలుగు ఫారం, ఆఫీసువాళ్లు ఇంగ్లిష్ ఫారం నింపుతారు. రెండు భాషల జవాబులూ ఒకే కోడ్‌కు చేరేలా ఒక జత టేబుల్ ఉంటుంది. "యావరేజ్‌గా ఉంది" లాంటి మాటలో జ్ తర్వాత పొల్లును విడిగా నిలబెట్టే అదృశ్య అక్షరం ఒకటి ఉంటుంది. ఒక ఫారంలో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే చూపుకి రెండూ ఒకటే, పవర్ క్వెరీకి వేర్వేరు. ట్రిమ్‌తో అది పోదు. 8204 నంబరు అక్షరాన్ని రీప్లేస్‌తో పూర్తిగా తీసేయాలి, దాని స్థానంలో స్పేస్ కూడా ఉండకూడదు. జత కుదరకపోయినా పవర్ క్వెరీ ఏ హెచ్చరికా చేయదు, కోడ్ ఖాళీగా మిగులుతుంది, అంతే. అందుకని జత దొరకని జవాబులు మాత్రమే చూపే చిన్న క్వెరీ ఒకటి లెఫ్ట్ యాంటీ జాయిన్‌తో పెట్టుకున్నాను. ప్రతి రిఫ్రెష్ తర్వాత అది ఖాళీగా ఉంటేనే రిపోర్టు బయటికి పంపుతాను.

ఖర్చు: పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, విండోస్‌లోనే నడుస్తుంది. నలుగురితో పంచుకోవాలంటే మామూలుగా చూసేవాళ్లకూ ప్రో లైసెన్స్ కావాలి. 2025 ఏప్రిల్ నుంచి దాని ధర మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి 14 డాలర్లకు పెరిగింది. ఏడాదికి ఒక సర్వే చేసే చిన్న సంస్థయితే ఎక్సెల్ పివట్ సరిపోతుంది. నెలనెలా సర్వేలు, పదుల కొద్దీ బ్యాచ్‌లు ఉంటే ఈ ఖర్చు గిట్టుబాటే.

చివరిగా, జవాబిచ్చినవాళ్ల రక్షణ. పేరు చెప్పక్కర్లేదని మాటిచ్చి సర్వే చేశాక ఆ మాట నిలబెట్టడం మోడల్ చేసేవాళ్ల బాధ్యత. విభాగం, వయసు, లింగం అని మూడు స్లైసర్లు (రిపోర్టు చూసేవాళ్లు వాడే ఫిల్టర్లు) ఇస్తే ముగ్గురే ఉన్న విభాగంలో ఎవరు 1 ఇచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. నా మెజర్లన్నీ ముందు మనుషుల సంఖ్య చూస్తాయి, ఐదుగురికి తక్కువైతే ఖాళీ చూపిస్తాయి. ఎక్స్‌పోర్ట్‌లో మొత్తాలు తప్ప విడి వరుసలు వెళ్లకుండా సెట్టింగ్ మారుస్తాను. "పబ్లిష్ టు వెబ్" జోలికి పోను, ఎందుకంటే ఆ లింకు దొరికిన ఎవరైనా చూడొచ్చు. ఇన్ని చేసినా ఒక కన్నం మిగులుతుంది. మొత్తం సంస్థ అంకె, మిగతా విభాగాల అంకెలు కనబడుతూ ఒక్క విభాగమే ఖాళీగా ఉంటే, తీసివేత తెలిసిన ఎవరైనా దాన్ని రాబట్టగలరు. అలాంటప్పుడు ఆ చిన్న విభాగాన్ని పక్క విభాగంతో కలిపి ఒకే పేరు కింద చూపిస్తాను. ఆ కలపడం మెజర్‌లో కాకుండా మనుషుల టేబుల్లోనే జరగాలి, అప్పుడే ఏ పేజీలో ఏ ఫిల్టర్ వేసినా అది విడిపోదు.