పాత పెంకుటింట్లో ఎనిమిదేళ్లు: తక్కువ డబ్బుతో కొనవచ్చా?

తెనాలి దగ్గరి ఒక ఊళ్లో నాలుగు సెంట్ల స్థలంలో ఉన్న పాత పెంకుటిల్లు 2017లో రూ.16 లక్షలకు కొన్నాం. అమరావతి శంకుస్థాపన జరిగి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. చుట్టుపక్కల ఖాళీ స్థలాల ధరలే మాకు అందడం లేదు. ఈ ఇంటికి మాత్రం చాలాకాలంగా బేరం తగలలేదు. కప్పు కారుతుందని కొందరు, వీధిపోటు ఉందని కొందరు వెనక్కి వెళ్లారట. ధర దిగింది కప్పు వల్ల కాదు, వీధిపోటు వల్లేనని నా నమ్మకం. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు వాస్తు దోషమున్న ఇల్లు వరమే. తిరిగి అమ్మేనాడు అవతలివాళ్లూ అదే మాట అంటారని ముందే తెలిసుంటే చాలు. మా అత్తగారు వీధికి ఎదురుగా వినాయకుణ్ణి పెట్టించి ఆ చర్చ ముగించారు.

గృహరుణం వస్తుందనే ధీమాతో పాత ఇంటికి బయానా ఇవ్వకండి. బ్యాంకు తరఫున వచ్చిన ఇంజినీరు స్థలానికి విలువ కట్టి, కట్టడం దగ్గర సున్నా వేసి వెళ్లారు. ఇల్లు ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందన్నదాన్ని బట్టే వాళ్లు అప్పు, వాయిదాల గడువు తేలుస్తారు. చివరికి నగలు తాకట్టు పెట్టి, చీటీ పాడి సర్దుకున్నాం. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం. బేరమాడేటప్పుడు ఈ ఖర్చు ఎవరికీ గుర్తుండదు.

కాగితాల సంగతి ఇంటికన్నా పెద్దది. ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే ఉంటుంది. మా ఇంటి చరిత్ర అంతకు ముందుది, కాబట్టి లింకు దస్తావేజులు, అంటే ఇల్లు చేతులు మారినప్పటి పాత పత్రాలు, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించాల్సి వచ్చింది. అమ్మినవారు నలుగురు అన్నదమ్ములు. వాళ్ల అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలని మా వకీలు పట్టుబట్టారు. పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్లి కానివాళ్లకు, వచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. “వాళ్లకు కట్నాలిచ్చి పంపేశాం, అభ్యంతరం ఏమీ ఉండదు” అని అన్నదమ్ములు చెప్పే మాట రిజిస్ట్రేషన్‌కు అక్కరకు రాదు. ఒక చెల్లెలు హైదరాబాదు నుంచి వచ్చేదాకా ఆగాం. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో, ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అక్కడ తెల్లకాగితాల మీద చేతులు మారిన ఇళ్లు ఎన్నో ఉంటాయి, ఇంటిపన్ను రసీదేమో యాజమాన్యానికి రుజువు కాదు.

ఇక కప్పు. బంగళా పెంకులు, వాటి కింద రీపర్లు, వాసాలు, టేకు దూలాలు. చూడటానికి వచ్చినవాళ్లంతా తల పైకెత్తి, పగిలిన పెంకుల సందులోంచి కనిపించే ఆకాశం చూసి భయపడ్డారు. పెంకు మార్చడం ఏమంత ఖర్చు కాదు. చూడవలసింది దూలాల చివరలు. గోడలో దిగిన చోట చెమ్మ చేరి, నడుము బాగున్నా అక్కడ కుళ్లుతుంది. మా వడ్రంగి నిచ్చెనెక్కి ఒక్కో దూలాన్ని సుత్తి పిడితో తట్టి, గోడ దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చి చూశాడు. రెండింట్లో అది వెన్నలో దిగినట్టు దిగింది. “ఈ రెండూ మారిస్తే మిగతావి మీ మనవల దాకా ఉంటాయమ్మా” అన్నాడు. ఆ రెండు దూలాల ఖర్చు చూపించి ధరలో రూ.60 వేలు తగ్గించుకున్నాం. పాత సామాను దుకాణంలో కూల్చిన ఇళ్ల టేకు దొరుకుతుంది, పెంకులూ అక్కడివే తెచ్చాం. కొత్త పెంకు పాతదానితో గాడి కలవక మళ్లీ కారుతుంది.

ఈ టేకు గురించే ఇంకో మాట. బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య పాత ఇళ్ల తలుపులు, స్తంభాలు మాయమవడం మా వైపు కొత్త కాదు. తలుపులు, కిటికీలు, దూలాలు, అటక చెక్కలతో సహా అమ్ముతున్నట్టు ఒప్పంద పత్రంలో రాయించండి, ఫోటోలు తీసుకోండి.

గోడలు ఇటుక, గానుగ సున్నం. కింద చెమ్మ ఆపే పొర లేదు, కాబట్టి వానాకాలంలో మోకాలి ఎత్తు దాకా తడి పైకి పాకుతుంది. సున్నపు పూత ఉన్న గదులు సంక్రాంతికల్లా వాటంతటవే ఆరిపోతాయి. పాత యజమాని ఒక్క పడమటి గదికి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాడు. ఏడాది పొడవునా ఉప్పు పొంగి పెచ్చులూడేది ఆ ఒక్క గదే, ఎందుకంటే సిమెంటు గోడలోని తడిని బయటికి రానివ్వదు. అయినా మేస్త్రీలు వచ్చిన ప్రతిసారీ అన్ని గోడలకూ సిమెంటు కొట్టిద్దామనే అంటారు. సున్నం పని తెలిసినవాళ్లు తక్కువైపోయారు. మాకు దొరికిన పెద్దాయన కూలి ఎక్కువే, కానీ ఆయన చేసిన గోడ ఇంతవరకూ చెయ్యి అడగలేదు.

మాది నల్లరేగడి. ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బే నేల, దానితోపాటు గోడ కూడా కదులుతుంది. పూతలో వెంట్రుక మందం పగుళ్లు పట్టించుకోనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు చివర పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టాలి. వీలైతే ఇంటిని మే నెలలో ఒకసారి, ముసురులో ఒకసారి చూడండి. ఎండల్లో పగుళ్లు నోరు తెరుస్తాయి, వానలో కప్పు నిజం చెబుతుంది.

కరెంటు తీగలు మొత్తం పీకేసి కొత్తవి వేయించాం, ఎర్తింగ్ గొయ్యి తీయించాం. ఇక్కడ పొదుపు పనికిరాదు. చేరకముందు మరమ్మతులకు నాలుగు లక్షలు, ఆ తర్వాత ఇప్పటిదాకా దాదాపు మూడు లక్షలు అయ్యాయి. ఆ రెండోది ఎవరూ లెక్కలో వేసుకోరు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి నడికొప్పు పెంకులు కొన్ని లేచిపోయాయి, దూలాలు కదలలేదు. నిజానికి తుపానుకన్నా కోతుల నష్టమే ఎక్కువ. గుంపుగా వచ్చి పెంకులు జరిపి పోతాయి, మర్నాడు వాన పడితే ఎక్కడ కారుతుందో వెతుక్కోవాలి. ఏటా తొలకరికి ముందు పెంకు సర్దించడం మాకు పండగ సామాన్ల ఖర్చులాంటిదే. రేకులు వేయించుకోమని చుట్టుపక్కలవాళ్లు చెబుతారు. మే నెల మధ్యాహ్నం వాళ్ల రేకుల కింద కూర్చుని వచ్చాక మావారు ఆ ఊసెత్తలేదు.

డబ్బు పెట్టినా బాగుపడనిది ఒకటుంది, అది రోడ్డు. ఈ ఇల్లు కట్టినప్పుడు అరుగు ఎక్కడానికి నాలుగు మెట్లుండేవట. పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇప్పుడు ఒకటిన్నర మిగిలింది. గట్టి వానొస్తే వీధి నీళ్లు వసారా అంచుదాకా వస్తాయి. పాత ఇల్లు చూసేవాళ్లు ముందు నేల మట్టం, రోడ్డు మట్టం పోల్చి చూడాలి. ఇప్పటికే రోడ్డుకన్నా పల్లంలో ఉన్న ఇంటిని నేనైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

కొని అద్దెకిచ్చేసి దూరాన ఉందామనుకునేవాళ్లకు ఇలాంటి ఇల్లు వద్దు. అద్దెకున్నవాళ్లు పెంకు సర్దించరు, రెండు వానాకాలాల్లో దూలాలు పోతాయి. ఉన్న డబ్బంతా కొనడానికే అయిపోయేవాళ్లకూ వద్దు, ధరలో పావు వంతైనా చేతిలో మిగలాలి. అక్కడే కాపురముండి, ఏటా ఒక గది చొప్పున బాగుచేసుకోగలిగితే మాత్రం కొనవచ్చు. ఆ రోజుల్లో ఇదే ఊళ్లో కొత్త ఇల్లు కట్టించడానికి మేస్త్రి వేసిన అంచనా, స్థలం ధర కాకుండానే, రూ.15 లక్షలు దాటింది.

ఈ వేసవిలో మళ్లీ రోడ్డు వేస్తారంటున్నారు. పాతది తవ్వి తీసేశాకే వేయాలని వీధిలోని వాళ్లందరం కలిసి పంచాయతీకి అర్జీ ఇచ్చాం.