నికోటిన్ గమ్ 2 మి.గ్రా.: కోర్సు మొత్తం వాడాక

సిగరెట్ మానాక వచ్చే యావకి మందుల షాపుల్లో దొరికే నికోటిన్ గమ్ పనిచేస్తుందా అంటే, చేస్తుంది. "రెండు స్ట్రిప్పులు వాడాను, ఏమీ లేదు" అనేవాళ్లలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా కసకసా నమిలేసి, మధ్యలో టీ కూడా కొట్టేస్తారు. అలా వాడితే డబ్బు దండగే.

బిళ్లను మెల్లగా నమలాలి. కాసేపటికి మిరియం కొరికినట్టు ఘాటు తగిలి, చిగురు చిమచిమలాడుతుంది. అక్కడితో ఆపి బిళ్లను బుగ్గకీ చిగురుకీ మధ్య నొక్కి పెట్టాలి. ఘాటు తగ్గాక మళ్లీ నాలుగు నములు, ఈసారి రెండో బుగ్గన. ఇలా అరగంట నడవాలి. నికోటిన్ బుగ్గ లోపలి పొరలోంచి రక్తంలోకి ఇంకాలి. గబగబా నమిలితే ఉమ్మితో పాటు కడుపులోకి జారిపోతుంది. అలా మింగినదాంట్లో ఎక్కువ భాగాన్ని కాలేయమే విరిచేస్తుంది కాబట్టి యావ తీరదు సరికదా ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం మిగులుతాయి. దవడ నొప్పి వస్తోందంటే నమలడం ఎక్కువైందని లెక్క.

రెండో గొడవ పులుపు. నోట్లో పులుపు (ఆమ్లం) ఉంటే నికోటిన్ సరిగా ఇంకదు. టీ, కాఫీ, సోడా, నిమ్మరసం, మజ్జిగ, మన పులుసులు అన్నీ ఈ లెక్కలోవే. బిళ్ల వేసుకోవడానికి 15 నిమిషాల ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ ఏమీ తినకూడదు, తాగకూడదు. చిక్కేమిటంటే యావ బాగా లాగేది టీ చేతిలో ఉన్నప్పుడే. శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్‌లో అయినా, విజయనగరం గంటస్తంభం దగ్గరయినా టీ కొట్టుకి ఆనుకునే కిళ్లీ కొట్టు ఉంటుంది. అందుకని బిళ్లను టీకి ముప్పావుగంట ముందే మొదలుపెట్టి, పూర్తిచేసి, అప్పుడు టీకి వెళ్లాలి. సిగరెట్ పొగలోని నికోటిన్ సెకన్లలో మెదడుకి చేరుతుంది. గమ్‌కి అరగంట దాకా పడుతుంది. యావ వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమే.

టీ కూడా తగ్గించుకోవాలి. పొగ మానితే ఒంట్లో కెఫీన్ విరిగే వేగం పడిపోతుంది. పాత లెక్కనే ఆరు టీలు తాగితే గుండె దడ, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, నింద గమ్ మీద పడుతుంది. మొదటి వారంలోనే సగానికి సగం దించడం మంచిది.

ఎంత మోతాదు? నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి 4 మి.గ్రా., ఆ తర్వాత అయితే 2 మి.గ్రా. నాలుగుకి డాక్టరు చీటీ కావాలి. మొదటి 6 వారాలు గంటా రెండు గంటలకొకటి, 7 నుంచి 9 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, 10 నుంచి 12 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. యావ వచ్చినప్పుడే వేసుకుందాం అనుకునేవాళ్లు మొదటి వారంలోనే జారిపోతారు. ఒకటికి మించి ఒకేసారి వేసుకోకూడదు. మొదటి నెల ఖర్చు సిగరెట్ల కంటే పెద్దగా తగ్గదు, బీడీ వాళ్లకైతే పెరుగుతుంది కూడా.

చుట్ట తాగేవాళ్లకి సిగరెట్ల సంఖ్యతో లెక్క కుదరదు. చుట్ట పొగలోని నికోటిన్ చాలావరకు నోటి పొరలోంచే ఎక్కుతుంది, ఒక్కో చుట్టలో పొగాకు కూడా ఎక్కువ. వాళ్లు లేచిన అరగంట కొలతనే నమ్ముకోవాలి. మన తీరప్రాంతంలో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలి మీద తెల్లమచ్చ, పుండు ఉంటే గమ్ మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకి తప్పకుండా చూపించాలి. అంగిలి క్యాన్సర్‌కి ఈ అలవాటుకి ఉన్న సంబంధం తెలిసిందే. కట్టుడు పళ్లవాళ్లకి గమ్ అంటుకుపోతుంది, చప్పరించే లాజెంజ్ నయం. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు, కడుపులో పుండున్నవాళ్లు డాక్టరుని అడగకుండా వాడకూడదు.

రెండు బిళ్లల మధ్య యావ లేస్తే? ఒక్కో విడత కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు చేతికీ నోటికీ పని కావాలి. సోంపు, లవంగం అందరూ చెప్పేవే. చలికాలంలో మన దగ్గర ఇంతకంటే మంచిది కాల్చిన తేగ: పీచు తియ్యాలి, మెల్లగా నమలాలి, మధ్యలో ఉండే లేత ఆకు, అదే చందమామ, ఒలుచుకోవాలి, యావ దాటిపోతుంది. పలాస జీడిపప్పు మాత్రం జేబులో పెట్టుకోవద్దు, నెల తిరిగేసరికి పొట్ట వస్తుంది. ఖైనీకి మారడం మానడం కానే కాదు. మందు తాగడానికి కూర్చునే చోటికి మొదటి నెల వెళ్లకపోవడమే మేలు, అక్కడ గమ్‌కి పెద్ద బలం లేదు.

చిరాకు, ఆకలి మొదటి వారంలో బాగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. ఒంటరిగా కష్టమైతే సిగరెట్ పెట్టె మీదే ఉండే 1800-11-2356కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

చివరి వారాల్లో కొందరికి గమ్మే అలవాటుగా మిగులుతుంది. అప్పుడు రోజుకో బిళ్ల చొప్పున తీసేసి, ఆ వేళకి చక్కెర లేని మామూలు గమ్ పెట్టుకుంటే దిగుతుంది. స్ట్రిప్పును ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెట్టొద్దు. నమిలి ఉమ్మేసిన బిళ్లలోనూ నికోటిన్ మిగిలే ఉంటుంది కనుక కాగితంలో చుట్టి, పసిపిల్లలకి అందని చోట పారెయ్యాలి.