కాండం కోతకు ఆముదమా, జొన్నా: ఏది మేలు?

ఇంటర్ ఫస్టియర్ బోటనీలో కణజాలాల పాఠానికి వచ్చేసరికి పుస్తకాలు సాధారణంగా రెండు బొమ్మలు చూపిస్తాయి. ద్విదళబీజ (గింజలో రెండు బద్దలుండే మొక్క) కాండానికి పొద్దుతిరుగుడు, ఏకదళబీజ (ఒకే బద్ద ఉండే మొక్క) కాండానికి మొక్కజొన్న. మన పాలమూరు, నల్లగొండ చెల్కల్లో తరాలుగా పండుతున్న ఆముదం (ద్విదళబీజం), జొన్న (ఏకదళబీజం)తో కూడా ఇదే పాఠం చక్కగా చెప్పొచ్చు. మరి కాండాన్ని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసే ప్రాక్టికల్‌కు ఒక్క పీరియడే దొరికితే ముందు ఏది కోయాలి? నేనైతే ఆముదమే అంటాను.

లేత ఆముదం కాండం బ్లేడుకు మెత్తగా తెగుతుంది. కొసకు దగ్గరగా ఉన్న కణుపు మధ్యమం (రెండు కణుపుల నడుమ భాగం) తీసుకోవాలి, ముదిరిన చోట కాండం లోపల గుల్లగా ఉంటుంది. అడ్డుకోతలను నీళ్లలో వేసి, అన్నిటికన్నా పలుచనిది ఏరి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగులో కాసేపు ఉంచి కడిగితే దారువు (నీటిని మోసే కణజాలం) ఎర్రగా తేలుతుంది. బయటి నుంచి లోపలికి బాహ్యచర్మం, దాని కింద కాండానికి బలమిచ్చే స్థూలకోణ కణజాలం, వల్కలం, నీరూ ఆహారం మోసే నాళికాపుంజాల వలయం, నడుమ మెత్తటి దవ్వ, అన్నీ వరుసగా కనిపిస్తాయి. రంగు వేయని ఇంకో కోతపై అయోడిన్ చుక్క వేస్తే, పిండిపదార్థం నిండిన అంతశ్చర్మం (వల్కలం లోపలి చివరి పొర) నల్లనీలం గీతలా బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త: పొద్దుతిరుగుడు బొమ్మలోని కేశాలు ఇక్కడ ఉండవు, ఆముదం కాండం నున్నగా ఉంటుంది. పుస్తకం చూసి కేశాలు గీసే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. కళ్లతో చూసింది గీయడమే కదా ప్రాక్టికల్ అంటే!

ఆముదాన్ని ముందు పెట్టడానికి అసలు కారణం వేరే ఉంది. ప్రతి నాళికాపుంజంలో బయట ఆహారాన్ని మోసే పోషక కణజాలం, లోపల దారువు, ఆ రెంటి నడుమ విభాజ్య కణాల (విభజన చెందుతూ ఉండే కణాల) పలుచని పట్టీ. కాండం లావెక్కేది ఆ పట్టీ వల్లనే. కొల్లాపూర్ మామిడికి అంటు కట్టగలుగుతున్నామన్నా దాని చలవే, రెండు ముక్కల్లోని ఆ పొరలు కలిస్తేనే అంటు అతుకుతుంది. ఈతకు, తాటికి అంటు ఎందుకు కట్టలేమో పిల్లలు తామే అడుగుతారు. అవీ జొన్నలాగే ఏకదళబీజాలు కాబట్టి జొన్న కోయాల్సింది అప్పుడే.

జొన్న కాండాన్ని అడ్డంగా కోస్తే పుంజాలు మెత్తటి కణజాలమంతా చెల్లాచెదురుగా, అంచు దగ్గర మరీ ఒత్తుగా ఉంటాయి. భూతద్దం చాలు, చుక్కలు కనపడతాయి. ఒక్కో పుంజం చుట్టూ దృఢకణాల తొడుగు, లోపల రెండు పెద్ద దారునాళాలు. దారువుకూ పోషక కణజాలానికీ మధ్య ఆ విభాజ్య పట్టీ మాత్రం ఉండదు. అయితే పైతొక్క గట్టిది, బ్లేడు జారుతుంది, లోపలి బెండు చిరుగుతుంది. కొత్త చేతికి ఇది చిరాకు తెప్పించే కోత.

ఆకు విషయానికొస్తే నా తీర్పు తిరగబడుతుంది, అక్కడ జొన్నే మేలు. వాన మొహం చాటేస్తే మధ్యాహ్నం జొన్న ఆకు చుట్టుకుపోవడం మన రైతులందరికీ తెలిసిందే. పై బాహ్యచర్మంలోని పెద్ద పెద్ద కణాలు నీరు కోల్పోయి ముడుచుకోవడమే అందుకు కారణం. పుంజం చుట్టూ హరితరేణువులతో నిండిన పెద్ద తొడుగు కణాలు కూడా స్పష్టంగా ఉంటాయి. ఎండను తట్టుకుని సమర్థంగా ఆహారం చేసుకునే ఏర్పాటు అది. ఆముదం ఆకులో అది కనబడదు. పలుచని ఆకు చేతిలో నిలవదు కాబట్టి క్యారెట్ ముక్కను చీల్చి, నడుమ ఆకు పెట్టి రెండూ కలిపి కోయాలి.

పని అయ్యాక మిగిలిన మొక్కలను మేకలు, పశువులు తిరిగే చోట పారేయకండి. ఆముదం గింజ విషం, పిల్లలు కూడా నోట్లో పెట్టుకోకూడదు. లేత జొన్న, ముఖ్యంగా వాన లేక గిడసబారింది తింటే పశువుకు నాము (లేత జొన్నలోని విషం) తగులుతుంది.